వాన రోడ్డుకు వెడల్పు టైరు

వరంగల్‌లో సైకిల్ మీద ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవాళ్లు వానలు మొదలయ్యే ముందు ఒకటే అడుగుతారు: "గ్రిప్ బాగుండే టైరు ఏది?" అడుగుతూనే టైరు మీది గాళ్లను వేలితో తడిమి చూస్తారు. లోతుగా గీతలుంటే పట్టు ఉంటుందనీ, నున్నగా ఉంటే జారుతుందనీ నమ్మకం. కారు టైర్లు చూసి ఏర్పడిన నమ్మకం అది. కారు విషయంలో నిజమే. సైకిల్‌కు వచ్చేసరికి ఆ లెక్క పనికిరాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఏటా ఎందరో డబ్బు తగలేసి, పట్టు తక్కువ టైరు కొనుక్కుంటున్నారు.

నీళ్లు నిలిచిన రోడ్డు మీద కారు వేగంగా పోతుంటే టైరు కింద నీరు ఇరుక్కుంటుంది. వేగం ఒక హద్దు దాటితే టైరు రోడ్డును వదిలేసి ఆ నీటి పొర మీదికి ఎక్కుతుంది. ఇక స్టీరింగ్ వినదు, బ్రేకు వినదు. ఆ నీటిని పక్కకు తోసేయడానికే కారు టైరుకు గాళ్లు పెట్టారు. విమానాల చక్రాలు తడి రన్‌వే మీద ఎప్పుడు పట్టు వదులుతాయో 1960లలో నాసా ఇంజనీర్లు పరీక్షలు చేసి ఒక సూత్రం కట్టారు. టైరులో గాలి ఒత్తిడి ఎంత ఎక్కువగా ఉంటే నీటి మీదికి ఎక్కడానికి అంత ఎక్కువ వేగం కావాలి. ఆ సూత్రం ప్రకారం 32 పి.ఎస్.ఐ. గాలి ఉన్న కారు టైరు గంటకు 95 కిలోమీటర్ల దగ్గర పట్టు వదిలితే, 60 పి.ఎస్.ఐ. ఉన్న సైకిల్ టైరు వదలాలంటే 130 దాకా పోవాలి. సుబేదారి నుంచి హన్మకొండ చౌరస్తాకు ఆ వేగంతో తొక్కే కాళ్లు ఎవరికీ లేవు. పైగా సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి నీటిని తనే చీల్చుకుంటూ పోతుంది.

తారు రోడ్డులో కంకర రాళ్ల కొనలు పైకి లేచి ఉంటాయి. రబ్బరు ఆ కొనల చుట్టూ ఒదిగి పట్టుకుంటుంది. సైకిల్‌కు పట్టంటే ఇదే. టైరుకు గాళ్లు తీసిన చోట రబ్బరు లేదు, రోడ్డును తాకేది లేదు. మట్టి బాటల కోసం చేసిన బుడిపెల టైరు తారు మీద మలుపు తిరిగితే, ఆ బుడిపెలు పక్కకు వంగి వణుకుతాయి. బురదలో అవి చేసే మేలు వేరు, రోడ్డు మీద చేసే కీడు వేరు. అందుకే తడి తారుకు నున్నటి టైరు, లేదంటే పైపైన గీతలున్న టైరే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు గాలి సంగతి. వెనక చక్రం మీద 50 కిలోల బరువు పడుతోందనుకుందాం. టైరులో 80 పి.ఎస్.ఐ. గాలి ఉంటే రోడ్డును తాకే రబ్బరు సుమారు 9 చదరపు సెంటీమీటర్లు. గాలిని 60కి తగ్గిస్తే అది 12 అవుతుంది. ఆ మూడు చదరపు సెంటీమీటర్ల కోసమే ఈ వ్యాసమంతా. అయితే సన్న టైరులో గాలి అంత తగ్గించలేం. నీళ్ల కింద కనపడని గుంతలో పడితే టైరు అణిగి, రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. వెడల్పు టైరుకు ఆ బాధ తక్కువ. 23, 25 మిల్లీమీటర్ల టైరు నూరు పి.ఎస్.ఐ. అడిగితే, 32 మిల్లీమీటర్ల టైరు ఒక మోస్తరు మనిషిని యాభై, అరవైతో హాయిగా మోస్తుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. అంత కొట్టాలని ఎవరూ చెప్పలేదు.

పాలవాళ్లు, కాజీపేట రైల్వే కార్మికులు ఎన్నో ఏళ్లుగా తొక్కిన నల్ల సైకిల్ ఉంది చూశారా, దాని 28x1½ టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు. ఆ టైరు మన గుంతలకూ మన వానలకూ ఎప్పుడో సరిపోయింది. మధ్యలో రేసు సైకిళ్ల మోజులో సన్నటివి వచ్చాయి. ఇప్పుడు ఆ రేసులవాళ్లే 23 నుంచి 25కి, అక్కడి నుంచి 28కి, 30కి వచ్చేశారు. రాళ్లు పరిచిన బాటల మీద సాగే పారిస్-రూబే పందెంలో ఇంకా వెడల్పువి వాడుతున్నారు. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా తొక్కే మనకు సన్న టైరుతో పనేముంది?

మన రోడ్డును కొంచెం దగ్గరగా చూద్దాం. ఎండాకాలమంతా రోడ్డు మీద డీజిల్ చుక్కలు, టైర్ల రబ్బరు పొడి, దుమ్ము పేరుకుని ఉంటాయి. తొలి జల్లుకు అవన్నీ కలిసి జిడ్డవుతాయి. గట్టి వాన గంటసేపు కొట్టి కడిగేసిన రోడ్డు కంటే ఈ తొలి జల్లు రోడ్డు ఎక్కువ ప్రమాదం. జీబ్రా గీతల తెల్ల రంగు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ అతుకుల దగ్గరి ఇనుప పట్టీలు, రైల్వే గేటు దగ్గరి పట్టాలు తడిస్తే ఏ టైరుకూ లొంగవు. వాటి మీద మలుపు తిప్పకూడదు, బ్రేకు వేయకూడదు, పట్టాలను అడ్డంగా, సైకిల్‌ను వంచకుండా దాటాలి. ఊళ్ల వైపు వెళ్తే రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మక్కలు. అకాల వానకు తడిసిన ఆ గింజల మీద కాలే నిలవదు, టైరెక్కడ నిలుస్తుంది? ఇక 2020 ఆగస్టులో, 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ కాలనీలు మునిగినట్టు నీళ్లు వస్తే టైరు మాటే వద్దు. నాలా ఎక్కడుందో, రోడ్డు ఎక్కడుందో తెలియని నీళ్లలోకి సైకిల్ దింపకూడదు.

వరద తీశాక అసలు పని మొదలవుతుంది. ఇసుక, గాజు ముక్కలు, ఇనుప చువ్వలు కొట్టుకొచ్చి రోడ్డు అంచున మేట వేస్తాయి, సైకిల్ నడిచేదీ సరిగ్గా ఆ అంచునే. తడి రబ్బరు పొడి రబ్బరు కంటే సులువుగా తెగుతుంది. రబ్బరు కోసేవాళ్లు కత్తిని నీళ్లతో తడుపుకునేది అందుకే. బియ్యపు గింజలో సగమున్న గాజు పెంకు ముందు టైరు పైపొరను అంటుకుంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ రోడ్డు దాన్ని ఇంకాస్త లోపలికి దిగేస్తుంది. ట్యూబును చేరడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే ఇంటికి రాగానే తడిగుడ్డతో టైరు తుడిచి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ వేలి కొనతో తడమాలి. చురుక్కుమన్న చోట పిన్నీసుతో గుచ్చి పెంకు లాగేయాలి. రెండు నిమిషాల పని, మర్నాటి పంక్చర్ తప్పుతుంది. సర్కారు తుమ్మ ముల్లు ఇలా ఆగదు, ఒక్క పోటుకే ట్యూబు దాకా దిగుతుంది. వానలు తగ్గాక పల్లేరు కాయలు ఎండి రాలతాయి. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. అమెరికా పడమటి రాష్ట్రాల సైకిలిస్టులను ఏడిపించేదీ ఈ పల్లేరే. ముళ్ల కోసం పైపొర కింద గట్టి రక్షణ పట్టీ ఉన్న టైరు తీసుకోండి. ష్వాల్బే మారథాన్, కాంటినెంటల్ ఫోర్ సీజన్ లాంటివి ఆ కోవలోవే. బరువు కాస్త పెరుగుతుంది. వానలో ట్యూబు మార్చుకునే అవస్థ ముందు అదొక బరువే కాదు.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. రోడ్ బైక్ చక్రానికి టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు, నల్ల సైకిల్‌ది 635. దుకాణంలో ఇరవై ఎనిమిది టైరు అంటే నల్ల సైకిల్‌దే ఇస్తారు, అది రోడ్ బైక్ రిమ్ముకు పట్టదు. టైరు పక్కన 28-622 అనో, 32-622 అనో ఉందో లేదో చదివి తీసుకోవాలి. అలాగే బ్రేకు కింద, ఫోర్కు మధ్య ఎంత సందుందో కొలుచుకోవాలి. చాలా పాత రోడ్ బైకులు 25 లేదా 28కి మించి పట్టనివ్వవు, మడ్‌గార్డ్ బిగిస్తే ఇంకా తగ్గుతుంది. వానకు మడ్‌గార్డ్ లేని సైకిల్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను. కొత్త సైకిల్ కొనేవాళ్లు 32 టైరు, మడ్‌గార్డ్ రెండూ పట్టే ఫ్రేమే కావాలని పట్టుబట్టండి.

దారిలో పంక్చర్ అయితే? మన పంక్చర్ షాపుల్లో పనితనానికి కొదవ లేదు. తొట్టిలో ముంచి బుడగ చూసి, గీరి, సొల్యూషన్ పూసి అతికిస్తే ఆ ట్యూబుకు మళ్లీ అదే చోట చిల్లు పడదు. కానీ సన్నటి ప్రెస్టా వాల్వు చూడగానే "సారూ, దీనికి గాలి ఎట్ల కొట్టాలె? మా పైపు పట్టది" అంటారు. వాళ్ల తప్పేం లేదు. చిన్న ఇత్తడి అడాప్టర్, ఒక కొత్త ట్యూబు, రెండు టైర్ లివర్లు సీటు కింద సంచిలో ఉంటే ఆ షాపు కంప్రెసరే మనకు దిక్కు. గాలి ఎంత కావాలో మీరే చెప్పండి, లేకుంటే రాయిలా అయ్యేదాకా కొడతారు.

రబ్బరు వయసునూ మరవద్దు. మన మే నెల ఎండకు దుకాణం ముందు వేలాడిన టైరు కొత్తదే అయినా గట్టిపడి ఉంటుంది. గట్టిపడిన హవాయి చెప్పు తడి గచ్చు మీద ఎలా జారుతుందో అదీ అంతే. గోటితో నొక్కితే కాస్త దిగి మళ్లీ పైకి రావాలి. పక్క గోడను వంచి చూస్తే సన్న పగుళ్లు కనపడకూడదు. ధర తగ్గిస్తామన్నా అలాంటిది వద్దు.

చివరిగా, టైరు ఒక్కటే కొనే స్తోమత ఉంటే దాన్ని ముందు చక్రానికే వేయండి. వెనక టైరు త్వరగా అరుగుతుంది కాబట్టి చాలామంది కొత్తది వెనక వేస్తారు. వెనక చక్రం జారితే సర్దుకునే వీలుంటుంది. ముందుది జారితే నేల మీద పడ్డాకే తెలుస్తుంది. ముందున్న పాతదాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయాలి. రిమ్ము పట్టుకునే బ్రేకులైతే తడిలో మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్లు తుడవడానికే సరిపోతాయి, స్టీలు రిమ్ములకైతే ఇంకా ఎక్కువ. చౌరస్తా కనపడగానే బ్రేకును తేలిగ్గా తాకించి రిమ్ము తడి ఆర్చుకుంటూ వెళ్లండి. బ్రేకు రబ్బర్లు కూడా జూన్‌లోనే మార్పించేయండి.