కొడవలికి కొత్త పిడి

తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణుల్లో కొడవలి ఇనుముకంటే ముందు దాని పిడి పాడవుతుంది. బురద చేతులు, చెమట, ఉప్పుగాలి కలిసి దాన్ని తినేస్తాయి. నిజాంపట్నం, సూర్యలంక వైపయితే మరీను. చెక్క పగిలిందని మనం అనుకుంటాం గానీ అసలు రోగం లోపలుంది. పిడిలోకి దిగిన ఇనుప తోకకు తడి తగిలి తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి. అది ఉబ్బి చెక్కను లోపలినుంచి చీలుస్తుంది.

వదులైన పిడిని రాత్రంతా నీళ్లలో పడేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ పూటకు బిగుస్తుంది. కానీ ఉబ్బిన చెక్క ఇనుముకు ఒత్తుకుని లోపలి నార నలిగిపోతుంది. ఆరాక మునుపటికంటే ఎక్కువ ఊగుతుంది, పైగా తోకకు కొత్త తుప్పు. నన్నడిగితే పిడి ఊగడం మొదలైన రోజునే కొలిమికి తీసుకెళ్లాలి.

అక్కడ మొదటి పని ఊడదీయడం. తొందరపడి కత్తిని పట్టి లాగితే తోక వంగుతుంది, చేయి తెగుతుంది. ముందు పొన్ను, అంటే పిడి మూతికి ఉన్న కట్టు, జరిపేస్తారు. పిడి ఎలాగూ పారేసేదే కాబట్టి నార వెంబడి ఉలి పెట్టి రెండుగా చీలుస్తారు. లక్క పోసి బిగించిన పిడి అయితే వేడి చూపిస్తే చాలు, లక్క కరిగి వదిలేస్తుంది. ఆ వేడి అలుగుదాకా, అంటే కోసే భాగందాకా, పాకకూడదు. రెండు వందల డిగ్రీలు దాటితే ఉక్కు మెత్తబడటం మొదలుపెడుతుంది, తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. అందుకే అలుగుకు తడి గోనె చుడతారు.

కొత్త పిడికి నల్లతుమ్మ చేవ మంచిది. బరువుగా ఉంటుంది గానీ బురదకు ఓర్చుకుంటుంది. పచ్చి కర్ర పనికిరాదు, ఎండాక కుంచించుకుపోతుంది. పొన్ను ముందే తొడగాలి, లేకపోతే తోక దిగేటప్పుడు మూతి పగులుతుంది. అరిగిన నీళ్ల గొట్టం నుంచి కోసిన ముక్క అందుకు సరిపోతుంది.

ఇక అసలు నేర్పు. తోకకంటే సన్నటి బెజ్జం బర్మాతో వేసి, తోక కొసను ఎర్రగా కాల్చి అందులోకి దించుతారు. పొగ వస్తుంది, చెక్క తోక ఆకారానికి కాలి దారి ఇస్తుంది. ఎక్కువసేపు ఉంచితే బొగ్గయి రాలిపోతుంది, పట్టు ఉండదు. కాబట్టి దించడం, తీయడం, మళ్లీ కాల్చడం. చివరి అంగుళం మాత్రం కాల్చకుండా కొట్టి దించాలి. ఎక్కడ కొట్టాలి? కత్తిమీద కాదు. కత్తి కిందికి వేలాడేలా పిడి పట్టుకుని, పిడి అడుగున చెక్క సుత్తితో తట్టాలి. కత్తి తన బరువుకు ఉన్నచోటే ఆగుతుంది, పిడి దాని మీదికి జరుగుతుంది. సందులు మిగిలితే లక్కలో ఇటుక పొడి కలిపి పోస్తారు. మన దేశపు తల్వార్లకూ పిడి ఇలా లక్కతోనే పట్టేది. జపాన్ వాళ్లు కత్తి పిడికి వెదురు చీల ఒక్కటే వేస్తారు, అది తడితే పిడి ఊడివస్తుంది. రెండుచోట్లా ఆలోచన ఒకటే: ఉక్కు ఉండేది, చెక్క మారేది. దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ పిడి చాకుల్లో ఈ తెలివి లేదు. పిడి పగిలితే మంచి ఉక్కు కూడా చెత్తబుట్టలోకే.

ఈ పని సగం కమ్మరిది, సగం వడ్రంగిది. ఒకప్పుడు ఇద్దరికీ కళ్లంలో మేర ధాన్యం కొలిచేవారు. కోతకు ముందు కొడవలి పళ్లకు కక్కు వేయించడం, పిడి మార్పించడం అందులోనే. ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాక కొడవళ్లు చూరుకెక్కాయి. అయినా 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా వరి నేలకొరిగి నీళ్లలో నానితే, యంత్రం దిగలేని మడిలో ఇవే దిక్కు.

పిడికి చివరగా నూనె పట్టిస్తారు. చాలామంది ఆముదం రాస్తారు, అది ఆరదు, చేతికి జారుతుంది. అవిసె నూనె ఆరి పొరలా గట్టిపడుతుంది. సాన పట్టడం అన్నిటికీ ఆఖరున. ముందే పదును పెట్టించుకుని వచ్చిన కొడవలికి పిడి వేయమంటే ఏ కమ్మరయినా విసుక్కుంటాడు.