ఆకాశ రాట్నం

మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో వండర్లా తెరిచారు. నేల ఆటలు, నీటి ఆటలు, చిన్నపిల్లల ఆటలు వేరువేరుగా ఉన్నాయి. రికాయిల్ మనల్ని తలకిందులు చేసి, వచ్చిన దారినే వెనక్కి తెస్తుంది. భయమూ నవ్వూ కలిసి వస్తాయి. బెళ్ళందూరు నుంచి అంతదూరం వెళ్ళినందుకు సంతోషమే.

కానీ రికాయిల్, స్కై వీల్ లాంటి పేర్లలో మన నేల ఏది? అదే రోడ్డులో ఇంకా ముందుకెళ్తే కొయ్యబొమ్మల చన్నపట్నం వస్తుంది. మన తిరునాళ్ళలో రంగులరాట్నం అనగానే రంగులూ కనిపిస్తాయి, తిరగడమూ తెలుస్తుంది. స్కై వీల్ అంటే ఏంటని అమ్మమ్మ అడిగితే "ఆకాశ రాట్నం" అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది. చన్నపట్నం బొమ్మలతో ఒక ఆట చేసి, దానికి కన్నడంలో పేరు పెడితే ఎంత బాగుంటుందో!