ఉప్పెన చూసినవాళ్ల మాట

1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచింది. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి 30,000 మంది పోయారని లెక్క. ఆ రాత్రి గురించి ఇవాళ మనం చదవగలిగేది చాలావరకు దొరలు రాసిందే. గార్డన్ మెకంజీ 1883లో అచ్చువేయించిన కృష్ణా జిల్లా మాన్యువల్ అలాంటిదే. పల్లెపాలెంలో పిల్లను చంకనేసుకుని పరుగెత్తిన తల్లి తన నోటితో చెప్పిన మాట ఒక్కటీ నా కంటబడలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెనకు పదివేల మందికి పైగా బలయ్యారు. కానీ దాన్ని కళ్లారా చూసినవాళ్లు నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఇంకా ఉన్నారు. అప్పుడు ఇరవయ్యేళ్ల వాళ్లు ఇప్పుడు డెబ్బైకి అటూఇటూగా ఉంటారు. వాళ్ల మాటను వాళ్ల గొంతుతోనే దాచగల సాధనం బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో కాలేజీకి వెళ్లే ప్రతి కుర్రాడి జేబులోనూ, ప్రతి అమ్మాయి చేతిలోనూ ఉంది.

పత్రికా రచన బందరుకు కొత్త కాదు. 1902లో కృష్ణా పత్రిక పుట్టింది ఇక్కడే. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు దాన్ని నడిపారు. ఆ పత్రికకు సంపాదకుడి గొంతే ప్రాణం. ఇప్పుడు విద్యార్థులు చేయగల పని వేరు. తమ గొంతు తగ్గించి, ఎదుటి మనిషిది వినిపించాలి. ఇది సాధ్యమేనని అమెరికాలోని జార్జియా కొండ ప్రాంతపు హైస్కూలు పిల్లలు 1966లోనే చూపించారు. ఊళ్లోని ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది టేపుల మీద రికార్డు చేసి 'ఫాక్స్‌ఫైర్' అనే పత్రిక తెచ్చారు. మన దేశంలో పాలగుమ్మి సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పారీ' వెబ్‌సైటు గ్రామీణుల బతుకులను అక్షరంలో, ఫొటోలో, వీడియోలో భద్రపరుస్తోంది. విద్యార్థులు రాసిన కథనాలకూ అందులో చోటుంది. తెలుగులోనూ చదవొచ్చు.

ఇక పని చేసే తీరు. ఫోను తీయగానే "ఉప్పెన గురించి చెప్పండి" అని అడగకూడదు. అలా అడిగితే పేపర్లో వచ్చిన మాటలే తిరిగొస్తాయి. "మామ్మా, ఆ రోజు పొద్దున పొయ్యి మీద ఏం పెట్టావు?" అని అడగాలి. పొయ్యి గుర్తొస్తే ఇల్లు గుర్తొస్తుంది, ఇంటితో పాటు అందులోని మనుషులు గుర్తొస్తారు. జవాబు ఆగిపోయినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వేయకూడదు. ఆ నిశ్శబ్దంలో కాసేపు ఓపిగ్గా కూర్చుంటే, అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. ఆమె వద్దంటే మాత్రం ఆ క్షణమే రికార్డింగు ఆపేయాలి. అక్కడ బేరం లేదు.

తారీఖులు జనానికి గుర్తుండవు. కార్తీక మాసమనీ, సార్వా వరి కోతకొచ్చిన రోజులనీ చెబుతారు. పంచాంగంతో పోల్చి చూస్తే అవి సరిపోతాయి. నీళ్లు తాటిచెట్టెత్తు వచ్చాయంటారు. ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లని నమోదైన లెక్క. విద్యార్థి ఈ రెండింట్లో ఏదీ కొట్టేయకూడదు. ఆమె మాటను ఆమె గొంతులోనే ఉంచి, లెక్కను తెర మీద వేయాలి. చీకట్లో చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడిన మనిషికి నీళ్లు ఎంత ఎత్తున కనిపించాయన్నదీ సాక్ష్యమే.

సముద్రపు గాలి మైకులోకి దూరి మాటను మింగేస్తుంది. మైకుకు నూలుగుడ్డ చుట్టండి, లేదా చెప్పే మనిషిని గోడచాటున కూర్చోబెట్టండి. మాటలైపోయాక ఆ చోటి చప్పుడును ఒక నిమిషం విడిగా పట్టండి. దయచేసి విషాద సంగీతం వేయకండి. పిల్లలను పోగొట్టుకున్న తల్లి మాట కింద వయొలిన్ మోగించడం ఆమెను అవమానించడమే.

అంత దుఃఖాన్ని మోసే ముందు చేయి సాధన చేయాలి. దానికి పెడన కలంకారీ షెడ్డును మించిన బడి లేదు. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ బల్ల మీద పరుస్తారు. టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, వెనక పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. ఆ చప్పుడు, ఆ పిడికిలి, గుడ్డ మీద మిగిలిన నల్లటి గీత. మూడూ వరసగా పట్టుకోగలిగితే సగం విద్య వచ్చినట్టే. ఆ తర్వాత అడగాల్సింది కూలి ఎంతని, ఉతకడానికి పారే నీళ్లు కాలవలో ఎన్ని నెలలుంటాయని, కొడుకు ఈ పనిలోకి వచ్చాడా అని. సామాజిక సమస్య అని మనం పెద్ద మాటతో పిలిచేది అక్కడే బయటపడుతుంది. గుడివాడ వైపు చేపల చెరువులైన వరి పొలాలను చూపాలన్నా, నాగాయలంక మడ అడవుల్లో పీతలు పట్టే యానాదుల బతుకు చెప్పాలన్నా పద్ధతి ఇదే. ముందు పనిని చూడాలి, తర్వాత కష్టాన్ని అడగాలి.

తీసిన వీడియోను ముందుగా మాట చెప్పిన మనిషి ఇంటి అరుగు మీదే, ఆ మనిషికీ ఇరుగుపొరుగుకూ చూపించాలి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. ఒక ప్రతి వాళ్ల ఫోనులోనూ ఉండాలి.

బందరులో 1843లో మొదలైన నోబుల్ కాలేజీ ఉంది, 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. గుడివాడలో ఏఎన్నార్ కాలేజీ ఉంది. అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ఈ కార్తీకంలో తరగతికి పది మంది చొప్పున పిల్లలను దివిసీమకు పంపండి. వాళ్లు తెచ్చిన రికార్డింగులను పేరు, ఊరు, తేదీ రాసి, చెప్పినవాళ్ల అనుమతితో కాలేజీ గ్రంథాలయంలో భద్రపరచండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.