యాప్యవ్యాధి, కాలయాపన: నారాయణీయ హనుమద్బాహుకాలలో తిరగబెట్టే నొప్పి

వ్యాససంగ్రహం

దీర్ఘవ్యాధి ఎడతెగని ఒకే తీరు బాధ కాదు. కొంతకాలం అణిగి ఉండి, చెప్పాపెట్టకుండా మళ్లీ విజృంభించడం దాని స్వభావం. రోగార్తులైన కవుల స్తోత్రాలను మన సంప్రదాయం 'స్తుతించాడు, స్వస్థుడయ్యాడు' అనే ఒకే కథగా చెప్పుకొంటూ వచ్చింది. మేల్పత్తూరు నారాయణ భట్టతిరి సంస్కృతంలో రచించిన 'నారాయణీయం', తులసీదాసు వ్రజభాషలో రచించిన 'హనుమద్బాహుకం' ఆ కథలో ఇమడవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వ్యాధి తిరగబెట్టే తీరు, దాన్ని తట్టుకొంటూ రోజులు గడిపే తీరు ఆ కృతుల నిర్మాణంలోనే ఉన్నాయి. ఆయుర్వేదంలోని 'యాప్యం' అనే భావన ఈ పరిశీలనకు ఆధారం.

కీలకపదాలు: యాప్యవ్యాధి, స్తోత్రసాహిత్యం, ఫలశ్రుతి, నారాయణీయం, హనుమద్బాహుకం.

ప్రవేశిక

తెలుగులో రోగం రావడం వేరు, తిరగబెట్టడం వేరు. 'తిరగబెట్టింది' అనే క్రియలో ఒక పూర్వచరిత్ర ఉంది. తగ్గిందనుకొన్నది తగ్గలేదన్న నిరాశ ఉంది. కీళ్లవాతం, ఉబ్బసం, పార్శ్వపు నొప్పి వంటి వ్యాధులతో బతికేవారికి ఈ క్రియ బాగా పరిచయం. నిన్న మెట్లెక్కిన మనిషికి ఈ ఉదయం దువ్వెన పట్టుకోవడం కూడా సాధ్యం కాకపోవచ్చు. నొప్పి ఒక బాధ. అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం ఇంకొక బాధ. వచ్చినప్పుడల్లా 'మళ్లీ ఏం చేశావు?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి రావడం వీటికి తోడు.

ఇక్కడ ఒక స్వీయానుభవం చెప్పడానికి పాఠకుల అనుమతి కోరుతున్నాను. మా అమ్మ చాలా ఏళ్లు కీళ్లవాతంతో బాధపడింది. తెలుగు లిపిలో అచ్చయిన నారాయణీయం ఆమె పారాయణ గ్రంథం. నొప్పి రేగిన రోజుల్లో పుట తిప్పడానికి మమ్మల్ని పిలిచేది. ఒకసారి పరామర్శకు వచ్చిన బంధువు ఒకరు, "భట్టతిరికి నూరు రోజుల్లో తగ్గింది కదా, నీకింకా తగ్గలేదేం వదినా?" అన్నారు. అమ్మ సమాధానం చెప్పలేదు. ఆ ప్రశ్న వెనుక దురుద్దేశం లేదు. అది ఒక పఠనపద్ధతి నుంచి పుట్టిన ప్రశ్న. ఆ పఠనపద్ధతికి మూలగ్రంథం మద్దతు ఇస్తుందా అన్నదే ఇక్కడ విచారణీయం.

యాప్యం అంటే

చరకసంహిత సూత్రస్థానం పదో అధ్యాయం వ్యాధులను సుఖసాధ్యాలు, కృచ్ఛ్రసాధ్యాలు, యాప్యాలు, ప్రత్యాఖ్యేయాలు అని విభజిస్తుంది. వీటిలో మూడోదాని లక్షణం గమనార్హం. ఆయుశ్శేషం ఉన్నందువల్ల పథ్యసేవతో నడిచేది, కొద్దిపాటి సుఖాన్ని మాత్రమే ఇచ్చేది, స్వల్పకారణంతోనే త్వరగా రేగేది యాప్యం. ఇవాళ మనం దీర్ఘవ్యాధి అంటున్నదాని స్వభావం దాదాపు అంతా ఈ నిర్వచనంలో ఉంది. చికిత్సాస్థానంలోని జ్వరప్రకరణం ఇంకొక ఉపమానం చెబుతుంది: నేలలో పడి ఉన్న విత్తనం కాలం వచ్చినప్పుడు మొలకెత్తినట్లు, ధాతువులలో దాగి ఉన్న దోషం కాలం వచ్చినప్పుడు ప్రకోపిస్తుంది. రోగి తప్పు చేసినప్పుడు అనలేదు, కాలం వచ్చినప్పుడు అన్నారు. అపథ్యం వల్ల రోగం మళ్లీ రావడాన్ని అదే ప్రకరణం వేరుగా చెప్పింది కనుక ఈ తేడా యాదృచ్ఛికం కాదు.

యాప్యమంటే 'గడపదగినది'. 'కాలయాపన'లో ఉన్నదీ ఈ ధాతువే. పని ఎగ్గొట్టేవాడిని నిందించడానికి మనం వాడే ఈ మాట వైద్యంలో ఒక గౌరవనీయమైన కర్తవ్యం. నయం చేయలేనిచోట రోజును గడిచేలా చేయడం వైద్యుడి పని, రోగి పని కూడా. స్తోత్రవిమర్శలో ఈ భావనకు చోటు దక్కలేదు. సూర్యశతకం చెప్పి మయూరుడు కుష్ఠువ్యాధి పోగొట్టుకొన్నాడన్న ఐతిహ్యం మొదలుకొని, రోగికవి కథ అంతా 'సాధ్య'వ్యాధి కథగానే ప్రచారమైంది.

నూరు విన్నపాలు

కేరళకు చెందిన భట్టతిరి 16వ శతాబ్దం చివర గురువాయూరులో నారాయణీయం రచించాడు. భాగవతకథను నూరు దశకాలలో, వెయ్యికి కొంచెం పైబడిన శ్లోకాలలో సంగ్రహించిన కృతి ఇది. గురువు అచ్యుత పిషారటి వాతరోగాన్ని తనపైకి తెచ్చుకొన్నాడనీ, రోజుకొక దశకం చొప్పున నూరు రోజులు చెప్పాడనీ ఐతిహ్యం. ఆ వ్యాధికి నేటి వైద్యపరిభాషలో పేరు పెట్టే ప్రయత్నం ఈ వ్యాసానికి అనవసరం. అసలు అది నాలుగు శతాబ్దాల దూరం నుంచి చేయదగిన పని కాదు.

దశకాల చివర గురువాయూరప్పను సంబోధించి, బాధ తొలగించమనో కాపాడమనో కవి వేడుకోవడం ఈ కృతి ప్రసిద్ధ లక్షణం. దీన్ని శతకమకుటంతో పోల్చి, ఛందోనియమం వంటి అలంకారమని తీసిపారేయవచ్చు. కొన్ని దశకాల విషయంలో ఆ మాట నిజమే. కథాకథనంలో పూర్తిగా లీనమైన కవి చివరి పాదంలో హఠాత్తుగా విన్నపం గుర్తుచేసుకొన్నట్లు కనిపించే చోట్లు లేకపోలేదు. అయితే మకుటం మాట మారదు. ఇక్కడ మాట మారుతూ ఉంటుంది. ఒకచోట గదం, ఒకచోట ఆమయం, ఇంకొకచోట తాపం. ఎనిమిదో దశకం చివర అది ఏకంగా 'రోగరాశి'. ఒక్కరోగమున్నవాడు రాశి అనడు. వైద్యుడి దగ్గరికి పదేపదే వెళ్లే రోగి ప్రతిసారీ తన బాధకు కొత్తమాట వెతుక్కోవడం మనకు తెలిసిందే. నిన్నటి మాటతో పని జరగలేదు కనుక ఈ రోజు ఇంకొక మాట.

సంబోధనలోనూ ఒక విశేషముంది. గురువాయూరుకు వాతాలయం, మరుత్పురం, పవనపురం అన్న పేర్లు ఈ కావ్యంలో తరచు వినిపిస్తాయి. వ్యాధి వాతం, దేవుడుండేది వాతాలయం. కవి స్వామిని పిలిచిన ప్రతిసారీ వ్యాధి పేరు కూడా నోట పలుకుతున్నాడు.

మూడో దశకం: తట్టుకొనే విద్య

వ్యాధి కావ్యవస్తువుగా నేరుగా ముందుకొచ్చేది మూడో దశకంలో. మొదటి శ్లోకం నామాలు పఠిస్తూ, గుణకథలు చెప్పుకొంటూ తిరుగాడే భక్తులు ధన్యులని చెబుతుంది. రెండో శ్లోకంలోనే మాట విరుగుతుంది. రోగక్లేశం వల్ల తన మనసు స్వామి పాదసేవలోని రసానికి కూడా అంటుకోవడం లేదని కవి ఒప్పుకొంటాడు. నొప్పి భక్తిని పెంచుతుందన్న లోకోక్తిని ఈ ఒప్పుకోలు కొట్టివేస్తుంది. నొప్పి రేగినప్పుడు ముందుగా పోయేది శ్రద్ధే. దీర్ఘరోగులు దీన్ని బయటికి చెప్పడానికి సిగ్గుపడతారు. భట్టతిరి దేవుడి ఎదుటే చెప్పాడు.

తర్వాత ఒక శ్లోకంలో పాదాలు క్షేత్రానికి నడవాలనీ, చేతులు పూజ చేయాలనీ, కన్ను మూర్తిని చూడాలనీ, ముక్కు తులసి వాసన చూడాలనీ కోరతాడు. తెలుగు పాఠకుడికి వెంటనే పోతన సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు హరిసేవ చేసే అవయవాలే అవయవాలని చెప్పిన పద్యం స్ఫురిస్తుంది. ఆ పద్యం గొప్పదనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ దాన్ని మంచం మీద నుంచి విన్నవారికి ఒక సందేహం రాక మానదు: లేవని చేయి సంగతేమిటి? ప్రహ్లాదుడి పద్యంలో చేతులు పనిచేస్తాయన్నది ముందే ఒప్పుకొన్న విషయం. భట్టతిరి శ్లోకం క్లేశాలను విదిలించమన్న మాటతో మొదలై, ఆ తరువాతనే అవయవాల దగ్గరికి వెళ్తుంది. పోతనలో అవయవానికి సార్థకత ఎక్కడుందన్నది ప్రశ్న. ఇక్కడ అవయవం కదలడమే వరం.

ఇంకొకచోట, సులభంగా శమించని పీడ వల్ల కలిగే 'పరిభవాన్ని' మరచిపోయేట్లు చేయమంటాడు. పరిభవమంటే అవమానం. బాధ అని ఊరుకోకుండా అవమానమన్న కవి, రోగి ఇతరుల చేతికి చిక్కే స్థితిని ఎరిగినవాడు. వెనువెంటనే స్వరం మారి నిష్ఠూరమవుతుంది: నీకు విముఖులైనవారు సుఖంగా ఉన్నారు, నీ మీద స్నేహమున్న నేను ఇంతగా తపిస్తున్నాను, ఇదేమిటి? నీకు అపకీర్తి రాకుండా చూసుకో అని హెచ్చరిస్తాడు కూడా.

చివరి శ్లోకంలో ఇదంతా ఒక నిర్ణయానికి వస్తుంది. ఎక్కువ మాటలెందుకు, నీ కరుణ ఉదయించేదాకా ఈ ఆర్తప్రలాపాలు పక్కనపెట్టి, నీ పాదాల దగ్గర శక్తికొద్దీ సేవిస్తూ రోజులు గడుపుతాను అంటాడు. 'యథాశక్తి' అన్న మాట మన పూజావిధుల్లో అరిగిపోయినది. ఈ శ్లోకంలో అది కొలత. ఈ రోజు ఎంత శక్తి ఉంటే అంత. యాప్యచికిత్స సారమిదే. నాలుగో దశకం మొదటి శ్లోకం దీనికి కొనసాగింపు. నిన్ను ఉపాసించడానికి ఎంత ఆరోగ్యం అవసరమో అంతే ఇవ్వమంటాడు. సంపూర్ణారోగ్యం అడగలేదు. నా దృష్టిలో నారాయణీయంలో అతి ధైర్యమైన కోరిక ఈ చిన్న కోరికే.

ఇక ముగింపు. నూరో దశకం స్వామి రూపం ఎదుట సాక్షాత్కరించినట్లు వర్తమానకాలంలో చెబుతుంది. ఐతిహ్యం రోగవిముక్తిని ఇక్కడే స్థాపించింది. అయితే పదో శ్లోకంలో కూడా నిశ్శేషంగా తాపాలు హరించమన్న ప్రార్థన ఉంది. అప్పటికే పోయినవాటిని పోగొట్టమని ఎవరూ అడగరు. ఆపై శ్లోకంలోని ఆఖరి మాట 'ఆయురారోగ్యసౌఖ్యం'. కటపయాది సంఖ్యాపద్ధతిలో అది 17,12,210వ కలిదినాన్ని, అంటే గ్రంథం ముగిసిన రోజును సూచిస్తుంది. వాక్యనిర్మాణంలో ఆ మాట ప్రార్థనార్థక క్రియకు కర్మ. ఈ స్తోత్రం ఆయురారోగ్యసౌఖ్యాన్ని కలిగించుగాక అని అర్థం. దర్శనం జరిగింది, ఆరోగ్యాన్ని ఇంకా కోరుతున్నాడు. నూరు రోజుల్లో తగ్గిందన్న వార్త కావ్యానికి వెలుపలిది. దాన్ని నమ్మేవారి విశ్వాసాన్ని నేను ప్రశ్నించడం లేదు. కావ్యం ఆ మాట అనలేదని మాత్రమే చెబుతున్నాను.

హనుమద్బాహుకం: తగ్గి మళ్లీ రేగినప్పుడు

తులసీదాసు జీవితం చివరిదశకు చెందినదిగా భావించే హనుమద్బాహుకంలో 44 పద్యాలున్నాయి. భట్టతిరి సంయమి. తులసీదాసు ఇక్కడ పోట్లాడతాడు. మందులు, యంత్రాలు, మంత్రాలు, చిట్కాలు అన్నీ అయ్యాయనీ, దేవతలను వేడుకొన్నా నొప్పి పెరుగుతోందే తప్ప తగ్గడం లేదనీ 30వ పద్యంలో చెబుతాడు. ఏ దీర్ఘరోగి ఇంట్లోనైనా మందుల అలమర ఈ పద్యానికి వ్యాఖ్యానం.

ప్రచారంలో ఉన్న పాఠంలో పద్యాల వరుస ఆసక్తికరం. 35వ పద్యంలో రోగాలు దట్టమైన మేఘాల్లా కమ్ముకొని వచ్చాయి, హనుమంతుడు వాటిని చెల్లాచెదరు చేసి రక్షించాడు. కథ ఇక్కడ ముగిస్తే సంప్రదాయం కోరిన ఆకారం వచ్చేది. రెండు పద్యాలు దాటగానే రాత్రింబగళ్లు భరించలేని నొప్పి మళ్లీ వచ్చింది. 38వ పద్యంలో అది చేతికి పరిమితం కాలేదు. కాలు, కడుపు, నోరు, చివరికి ఒళ్లంతా. పద్యాలన్నీ ఈ వరుసలోనే పుట్టాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా తరతరాల పారాయణ ఈ వరుసను నిలుపుకొంది. ఉపశమనపద్యం తర్వాత నొప్పి పద్యాలను తీసేయాలనో, ముందుకు జరపాలనో పారాయణ చేసేవారికి అనిపించలేదు. మేఘాల ఉపమానం కూడా ఇందుకు తగినదే. చెదిరిన మబ్బు మళ్లీ రాదని ఎవరూ అనుకోరు.

రోగం తిరగబెట్టినప్పుడు మనసు కారణం వెతుకుతుంది, చాలాసార్లు తనలోనే వెతుకుతుంది. 41వ పద్యంలో తులసీదాసు తన ఒంటి మీద లేచిన పుండ్లను చూసి, రామరాజు ఉప్పు తిని విశ్వాసం తప్పినందుకు ఆ ఉప్పే పగిలి పగిలి బయటికి వస్తోందంటాడు. ఉప్పు తిన్న ఇంటిని తలుచుకోవడం తెలిసిన మనకు ఈ ఊహ బలం వెంటనే తెలుస్తుంది. కవిత్వంగా ఇది ఈ కృతిలోని శిఖరాల్లో ఒకటి. రోగికి ఆదర్శంగా దీన్ని చూపే వ్యాఖ్యానాన్ని మాత్రం అంగీకరించలేను. పుండుకు అపరాధం కారణమన్న ఆలోచన రోగికి నొప్పి మధ్యలో వచ్చే ఆలోచన. అది నిర్ధారణ కాదు. కవి కూడా అక్కడ ఆగలేదు. కాలం, కర్మ, గ్రహాలు, భూతాలు అంటూ కారణాలను ఇతర పద్యాల్లో మార్చుతూనే ఉన్నాడు. ఏ కారణమూ నిలవకపోవడం కృతిలోని అయోమయం కాదు, వ్యాధి స్వభావం.

ఆఖరి పద్యం హనుమంతుడిని, రాముడిని, శంకరుడిని ముగ్గురినీ సావధానంగా వినమంటుంది. మీ వల్ల కానిది ఏముంది, అది నాకు తెలియజెప్పండి, అప్పుడు విత్తినదే కోస్తున్నానని తెలుసుకొని నేనూ మౌనంగా ఉంటాను అంటాడు. దీన్ని కర్మసిద్ధాంతానికి లొంగిపోవడంగా చదవడం పరిపాటి. వాక్యంలో మౌనం కన్నా ముందు ఒక షరతు ఉంది. ముందు జవాబు చెప్పాలి, ఆ తర్వాత మౌనం. జవాబు వచ్చినట్లు ఈ కృతిలో ఎక్కడా లేదు.