రామాపిథెకస్ – మన ప్రసంగవేదిక: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

తూప్రాన్‌లో ఒక ఆదివారము ఆదికాండము మొదటి అధ్యాయము మీద ప్రసంగిస్తూ, "రామాపిథెకస్ మానవుని పూర్వీకుడు కాదని తేలిపోయింది, దానితో పరిణామవాదము కూలిపోయింది" అని చెప్పాను. ఆరాధన ముగిసిన తరువాత ఇంటర్ బైపీసీ చదివే ఒక యౌవనస్థుడు వచ్చి, "అయ్యగారూ, కాదని తేల్చింది ఎవరండీ?" అని అడిగాడు. నా యొద్ద జవాబు లేదు. ఆ మాట నేను పరిశోధించి చెప్పినది కాదు, ఇతరుల ప్రసంగములలో విన్నది. మనలో అనేకులు అలాగే చెబుతున్నారు గనుక ఈ వాదమును పరిశీలించుట అవసరము.

జరిగినదేమి?

1932లో అమెరికా పరిశోధకుడు జి. ఎడ్వర్డ్ లూయిస్ శివాలిక్ కొండలలో, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ వద్ద ఒక పై దవడ ముక్కను కనుగొన్నాడు. 1934లో దానికి రాముని పేరుతో రామాపిథెకస్ అని నామకరణము చేశాడు. 1960లలో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్బీమ్ దానిని మానవ వంశములో తొలి సభ్యునిగా నిలబెట్టారు. వారికున్న ఆధారములు దవడ ముక్కలు, పళ్లు మాత్రమే.

1967లో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ రక్తములోని ప్రొటీన్లను పోల్చి, మానవ శాఖ ఆఫ్రికా ఏప్‌ల నుండి వేరుపడి సుమారు 50 లక్షల సంవత్సరములే అయిందని లెక్కించారు. అంతకంటె ఎంతో పాతదైన రామాపిథెకస్ ఆ లెక్కలో ఇమడలేదు. 1982లో పిల్బీమ్, పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో దొరికిన శివాపిథెకస్ ముఖభాగమును వర్ణించాడు. అది ఒరాంగుటాన్‌ను పోలియున్నది. రామాపిథెకస్‌ను శివాపిథెకస్‌లోనే కలిపివేశారు. తాను కట్టిన వాదమును పిల్బీమ్ తానే విడిచిపెట్టాడు.

మన వాదములోని లోపములు

మొదటిది, మనము సగము సంగతే చెబుతున్నాము. ఆ శిలాజము మానవ వంశము నుండి తొలగించబడిందని చెబుతాము గాని, ఒరాంగుటాన్ వంశమునకు దగ్గరగా చేర్చబడిందని చెప్పము.

రెండవది, రామాపిథెకస్‌ను తొలగించిన ప్రొటీన్ లెక్క, మానవునికీ ఏప్‌లకూ ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడనే ఆధారము మీదనే నిలిచియున్నది. ఆ లెక్క ఫలితమును తీసుకొని దాని పునాదిని దాచిపెట్టుట న్యాయము కాదు.

మూడవది, ఒక తప్పును దిద్దుకొనుటను మనము పతనమని పిలుస్తున్నాము.

మన పొరుగున ఒక ఉదాహరణ

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. తూప్రాన్ నుండి ఒక్క రోజులో వెళ్లి రాగల వికారాబాద్ జిల్లా నస్కల్ వద్ద, దక్కను లావా పొరల మధ్యనున్న మట్టిలో డెక్కనోలెస్టెస్ అనే చిన్న క్షీరదపు పళ్లు దొరికాయి. గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో వాటిని ప్రకటించారు. అవి సుమారు 6.6 కోట్ల సంవత్సరముల నాటివి. తరువాత లభించిన చీలమండ ఎముకలు అది చెట్లెక్కే ప్రాణి అని సూచించాయి. ప్రైమేట్లు చేరియున్న పెద్ద వర్గమునకు అది దగ్గరిదని 2010లో ఒక పరిశోధక బృందము వాదించింది. 2011లో మరి విస్తృతమైన పోలికతో, అది ఆ వర్గములోనిది కాదు, అంతకంటె ప్రాచీనమైన శాఖకు చెందినదనే నిర్ణయము వెలువడింది. గమనించవలసినదేమనగా, ప్రసాద్, డగ్ బోయర్, అంజలి గోస్వామి ఈ రెండు వ్యాసములకూ రచయితలే.

ముగింపు

ఆదికాండము ప్రామాణ్యతను గూర్చి మనకున్న నమ్మిక, పరుల పొరపాట్ల మీద ఆధారపడకూడదు. అలా ఆధారపడితే, వారు తమ పొరపాటు దిద్దుకొన్న ప్రతిసారీ మన యౌవనస్థుల విశ్వాసము ఊగిసలాడుతుంది. తొమ్మిదవ ఆజ్ఞ శాస్త్రవేత్త విషయములో కూడా మనలను బంధించును. పరిణామవాదముతో విభేదించువారు విభేదించవచ్చును, అయితే దానిని ఉన్నది ఉన్నట్లు చెప్పి విభేదించవలెను. మరుసటి ఆదివారము అదే వేదిక మీద నా మాటను సరిదిద్దుకొన్నాను. ఆ యౌవనస్థుడు ముందు వరుసలో కూర్చుని విన్నాడు.