‘దట్’కు ఈవల, ఆవల

సూరతు నగరమునకు ఆగ్నేయముగా నున్న పల్సానా తాలూకా నేడు మరమగ్గములకును, బట్టకు రంగువేసి అచ్చులద్దు మిల్లులకును నెలవు. ఊరి భాష గుజరాతీ. పలుచోట్లనుండి వచ్చిన పనివారి నడుమ పొత్తుగా నడచునది హిందీ. కాగితములపై తఱచుగా కనబడునది ఇంగ్లీషు. తెలంగాణ జిల్లాలనుండి సూరతు ప్రాంతమునకు దశాబ్దములుగా తరలివచ్చిన నేతపనివారి యిండ్లలో తెలుగును వినబడును. అట్టి యింట నొక కార్మికుడు ‘రేపు పైసలిస్తమన్నరు’ అని భార్యతో చెప్పినాడని ఊహింపవచ్చును. ఆ మాట తెలుగును దాటి తుదకొక ఇంగ్లీషు కాగితములోనికి ఎక్కునప్పుడు దానిలో నిలుచునదేమి, జారిపోవునదేమి? భారతీయ సాహిత్యమును ఒక భాషనుండి మఱొకదానిలోనికి తెచ్చువారు ఎదుర్కొను చిక్కు సమస్తము ఈ చిన్న వాక్యమున కలదు.

ఇంగ్లీషులో ముందుగా వచ్చునది వెలుపలి క్రియ: చెప్పెను, ఎఱిగెను, ఒప్పుకొనెను. దాని వెంట ‘దట్’ అను ద్వారము. ఆ ద్వారము దాటినంతనే లోపలి క్రియ తన కాలమును వెలుపలి క్రియనుబట్టి మార్చుకొనును. చెప్పుట గతమైనచో, చెప్పబడిన పని అంతకును ముందటిదిగా కనబడవలెను. అందుచే ‘హీ సెడ్ దట్ హీ హాడ్ రిటెన్’ అను వాక్యము పుట్టును. ఈ నియమము ఉక్కుకట్టు కాదు. ఇప్పటికిని నిజమైయున్న సంగతిని చెప్పునపుడు కాలము మార్చకుండుటయు కలదు. మొత్తముమీద దీనివలన ఒక మేలు ఉన్నది. కథకుడు నిలిచిన చోటునుండి ప్రతి సంఘటనము ఎంత దూరమున నున్నదో పాఠకునకు కొలత దొరకును. నాలుగు తరముల ముచ్చటను చుట్టబెట్టు నవలలో ఈ కొలత లేనిచో దారి తప్పుదురు.

అయితే ఆ మేలునకు వెల కలదు. ఆ మనిషి ‘వ్రాసితిని’ అని పలికియుండవచ్చును. ‘వ్రాసియున్నాను’ అని పలికియుండవచ్చును. ‘నీవడుగుటకు ముందే వ్రాసియుంటిని’ అనియు పలికియుండవచ్చును. మూడును ‘హాడ్ రిటెన్’ అను ఒక్క పాత్రలో పడి కరగిపోవును. ఇంగ్లీషునుండి తెలుగు చేయువాడు ఆ పాత్రలోనుండి ఏ మాటను పైకి తీయవలెను? కాలసూచి అతనికి సాయపడదు. సందర్భమే సాయపడవలెను.

గుజరాతీ ఈ మార్పు చేయదు. ‘తేణే కహ్యుం కే మేం పత్ర లఖ్యో ఛే’ అనునప్పుడు ‘కే’ తరువాత ఆ మనిషి మాట పలికినది పలికినట్లే నిలుచును: ‘నేను లేఖ వ్రాసియున్నాను.’ క్రియ కర్తను విడిచి ‘పత్ర’ అను కర్మను అనుసరించి పుంలింగమున నుండుట వేఱొక విశేషము. దానితో ఇక్కడ పనిలేదు. తెలుగుది మూడవ దారి. ‘తాను లేఖ వ్రాసితినని చెప్పెను’ అందుము. ఇందు ‘తాను’ ప్రథమపురుషమునకు చెందినది, ‘వ్రాసితిని’ ఉత్తమపురుషము. కథకుడు సర్వనామమును తనవైపునకు లాగుకొనెను గాని క్రియను మాటాడినవాని నోటనే వదలిపెట్టెను. ఒక వాక్యములో రెండు కంఠములు వినబడుచున్నవి. ఇంగ్లీషు వ్యాకరణము మాత్రమే ఎఱిగినవానికి ఇది పొత్తుకుదరని వాక్యముగా తోచును. తెలుగు పల్లెలో చదువురాని ముసలమ్మయు దీనిని తడబడక పలుకును.

ఇంగ్లీషు మీదుగా వచ్చిన అనువాదములు చెడుచున్నది ఈ చోటనే. ‘తాను లేఖ వ్రాసియుండెనని అతడు చెప్పెను’ అని వ్రాయువారు కలరు. ‘హాడ్’ అను మాటకు ‘ఉండెను’ అని లెక్కగట్టి అప్పు తీర్చినట్లున్నది. ‘తాను’ వెనుక ప్రథమపురుష క్రియ వచ్చుటతో చెప్పినవాని నోరు మూతపడినది. ‘అతడు లేఖ వ్రాసెనని చెప్పెను’ అని సవరించిరా, వ్రాసినవాడు మఱియొకడైపోవును! ఇంగ్లీషులోని రెండు ‘హీ’లు ఒకనివో ఇద్దఱివో వాక్యము చెప్పదు. తెలుగు తేల్చక విడువదు. మూలమైన గుజరాతీలో ఆ సంగతి తేలియే యున్నది. నడుమనున్న ఇంగ్లీషులో మసకబాఱినది. ‘వ్రాసియుండెను’ వంటి రూపములు తెలుగునకు అక్కఱలేదనుట కాదు. పూర్వాపరములు చెప్పుటకు తెలుగువాడు ఎక్కువగా ‘అప్పటికే’ అను మాటను వాడును. ఆ ఒక్క మాట క్రియకు తగిలించు తోకకంటె బలమైనది.

వెలుపలి క్రియల తీరు మఱింత విచారింపదగినది. ఇంగ్లీషులో తీర్పు ముందు, సాక్ష్యము తరువాత. ‘అడ్మిటెడ్ దట్’ అనగానే పాఠకుడు నేరమును ఎదురుచూచును. ‘క్లెయిమ్డ్ దట్’ అనగానే అనుమానించును. తెలుగులో మాట ముందు వినబడి, ‘అని ఒప్పుకొనెను’, ‘అని చెప్పుకొనెను’ అను తీర్పు చివర వచ్చును. వినువానికి ఒక క్షణము స్వతంత్రముగా ఆలోచించు అవకాశమున్నది. ‘డినైడ్ దట్ హీ హాడ్ టేకెన్’ అనుచోట లోపలి వాక్యము తీసికొన్నట్లే పలుకును, నిషేధమంతయు వెలుపలి క్రియలో దాగియుండును. తెలుగులో ‘తాను తీసికొనలేదనెను’ అని నిషేధము ఆ మనిషి నోటనే రావలెను. సంస్కృతమున ‘ఇతి’యు మాట చివరనే నిలుచును. కైపర్ అను డచ్చి పండితుడు 1967లో ‘ఇతి’ వాడుకను ద్రావిడభాషల సాంగత్యమునకు గుర్తులలో నొకటిగా విచారించెను. తెలుగు, మరాఠీల పొరుగున పెరిగిన దక్కనీ ఉర్దూ ‘బోల్‌కే’ అను మాటకు ‘అని’ పని అప్పగించుకొన్నది.

ఇది వ్యాకరణవినోదము మాత్రమే కాదని పల్సానాకు తూర్పున ఆనుకొనియున్న బార్డోలీ తెలుపును. పల్సానా అప్పుడు బరోడా సంస్థానములోనిది. బార్డోలీ బ్రిటిషు ఏలుబడిలోనిది. 1928లో వల్లభభాయి పటేలు నాయకత్వమున బార్డోలీ రైతులు 22 శాతము శిస్తు పెంపును ప్రతిఘటించిరి. తరువాత బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అను ఇద్దఱు అధికారులు విచారణ జరపగా ఆ పెంపు సుమారు 6 శాతమునకు దిగినది. వివాదములో ముఖ్యాంశము కౌలు లెక్కలు. అవి ఊరూర విచారించి వ్రాసినవా, విచారింపకయే వ్రాసినవా? ‘విచారించియున్నాను’ అని వ్రాసిన అధికారి మాటయు, ‘ఎవరును వచ్చి అడుగలేదు’ అను రైతు మాటయు ఇంగ్లీషులో ఒకే విధమైన ‘దట్’ వెనుక, ఒకే విధమైన ‘హాడ్’తో నిలువవలసివచ్చును. ఒకటి గుజరాతీలో నోటితో చెప్పినది, రెండవది ఇంగ్లీషులో కలముతో వ్రాసినది అను భేదము ఆ వరుసలో కనబడదు. సూరతు జిల్లాలోని సరస్ గ్రామమున 1892లో పుట్టిన మహాదేవ దేశాయి ఆ పోరాటకథను 1929లో ఇంగ్లీషుననే వ్రాసెను. గాంధీజీ ఆత్మకథలో అధికభాగమును గుజరాతీనుండి ఇంగ్లీషు చేసినవాడును ఆయనయే. ‘కే’ నుండి ‘దట్’కు నడుచు దారి ఆయనకంటె బాగుగా తెలిసినవారు ఆ ప్రాంతమున అరుదు.

ఇక ఆ నేతకార్మికుని మాట. ‘ఇస్తమన్నరు’ అను క్రియలో ‘ఇస్తము’ అనునది యజమానులు తమ నోట పలికిన మాట. బాకీపడినవారి సంతకము ఆ ‘ము’లో నున్నది. ఇంగ్లీషు కాగితమున అది ‘హీ స్టేట్స్ దట్ హీ హాడ్ బీన్ ప్రామిస్డ్ పేమెంట్’ అయిపోవును. వాగ్దానము మిగిలినది, వాగ్దానము చేసినవారు వాక్యమునుండి తొలగిపోయిరి. వాక్యమున తప్పులేదు, కాలము సరిగానే కుదిరినది. ఆ కాగితమునే ఎవరైన తెలుగు చేసినచో ‘తనకు చెల్లింపు వాగ్దానము చేయబడియుండెనని అతడు చెప్పుచున్నాడు’ అని వచ్చును. దానిని చదివి వినిపించినప్పుడు ఆ భార్య గుర్తుపట్టదు. ‘ఇస్తమన్నరట’ అని ఆమె పొరుగింట చెప్పినప్పటి ‘ట’కు, అనగా ‘నేను వినలేదు, ఆయన విన్నాడు’ అను నిజాయితీకి, ఇంగ్లీషు ‘ఆర్ సెడ్ టు హావ్ ప్రామిస్డ్’ అని పెద్ద కట్టడము కట్టవలెను. అప్పుడును అన్నదెవరో, విన్నదెవరో అందులో ఉండదు.