నిందాధ్వని – రససిద్ధి: ప్రొఫెషనల్ రెజ్లింగ్ ప్రతినాయకుడిపై ప్రేక్షక వైముఖ్యం

కీలక పదాలు: ప్రతినాయకుడు, సిద్ధి, ఘాతం, రసవిఘ్నం, ఆలంబనం, ప్రొఫెషనల్ రెజ్లింగ్.

ఉపోద్ఘాతం

దుష్టపాత్రను ప్రేక్షకుడు అసహ్యించుకొంటే ఆ నటుడు నెగ్గినట్టేనని లోకం భావిస్తుంది. సూర్యకాంతం గయ్యాళి అత్త పాత్రల ప్రభావం వల్ల తెలుగువారు ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం మానుకొన్నారన్న మాట ఆమె నటనకు జనం ఇచ్చిన ప్రశంసగానే నేటికీ చెలామణిలో ఉంది. అయితే ప్రేక్షకుని ద్వేషమంతా పాత్రనే చేరుతుందా? నటుని చేరే ద్వేషాన్ని, పాత్రను నడిపే రచయితను చేరే ద్వేషాన్ని, పాత్రకు అంటగట్టిన జాతిని చేరే ద్వేషాన్ని కూడా ఒకే గాటన కట్టవచ్చునా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికాలో వేళ్లూనుకొన్న ప్రొఫెషనల్ రెజ్లింగ్ అనువైన క్షేత్రం. ప్రేక్షకుడు తన అయిష్టాన్ని అణచుకోకుండా గొంతెత్తి ప్రకటించడం ఇక్కడ ప్రదర్శనలోనే ఒక భాగం.

ఇది జయాపజయాలు ముందే నిర్ణయమైన ప్రదర్శన. 1989లో న్యూజెర్సీ రాష్ట్రంలో నియంత్రణల సడలింపు కోసం వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ సంస్థ తమది స్పర్ధ కాదనీ, వినోదమేననీ బహిరంగంగా అంగీకరించింది. ఈ రంగం పరిభాషలో నాయకుడు ‘ఫేస్’, ప్రతినాయకుడు ‘హీల్’. కల్పనను నిజమని నిలబెట్టే కట్టుబాటు ‘కేఫేబ్’. హీల్ రాబట్టే వైముఖ్యం ‘హీట్’. తెలుగు ప్రేక్షకులకు ఈ ప్రదర్శన టెలివిజన్ ద్వారా చిరపరిచితం. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ ప్రదర్శన కూడా ఇచ్చింది. ఈ వ్యాసం పరిధి మాత్రం ఉత్తర అమెరికా ప్రేక్షకాగారాలకే పరిమితం.

రోలాఁ బార్త్ 1957లో వెలువరించిన ‘మిథాలజీస్’ గ్రంథంలో కుస్తీని క్రీడగా కాక దృశ్యంగా చదవాలని ప్రతిపాదించాడు. నీచపాత్రధారి దేహమే అతని నీచత్వాన్ని ముందుగా చాటుతుందనీ, ప్రేక్షకుడు కోరేది న్యాయమనే భావన కళ్లెదుట రూపుకట్టడమేననీ అతని వివరణ సారాంశం. ఆ వివరణలోని ప్రేక్షకుడు ప్రదర్శన తనకు ఇచ్చిన శత్రువునే ద్వేషిస్తాడు. తన శత్రువును తానే ఎన్నుకొనే ప్రేక్షకుని గురించి బార్త్ విశ్లేషణ మౌనం వహిస్తుంది. ఆ లోటును భారతీయ నాట్యమీమాంస ఎంతవరకు పూరించగలదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సిద్ధి – ఘాతం

నాట్యశాస్త్రం ఇరవైయేడవ అధ్యాయంలో భరతుడు ప్రదర్శన సాఫల్యాన్ని ప్రేక్షకుల స్పందన ఆధారంగా నిర్ణయించాడు. మానుషీ సిద్ధి వాఙ్మయం, శారీరం అని రెండు విధాలు. చిరునవ్వు, అట్టహాసం, ‘సాధు’, ‘అహో’, ‘కష్టం’ అనే పలుకులు, పెద్దపెట్టున లేచే కలకలం మొదటి విధానికి చెందినవి. పులకింత, ఆసనం నుంచి లేవడం, వస్త్రాలను బహూకరించడం వంటివి రెండవ విధానికి చెందినవి. నిండిన నాట్యశాలలో ఏ అలజడీ లేని నిశ్శబ్దం దైవీ సిద్ధికి గుర్తు. దీనికి ప్రతిగా ప్రదర్శనను చెడగొట్టేవి ఘాతాలు. వాటిలో శత్రువుల వల్ల కలిగేవి కొన్ని. కావాలని చేసే గోల, పేడ, మట్టిపెళ్లలు విసరడం ఆ కోవకు చెందుతాయి.

ఈ విభజనలో నిందాధ్వనికి ప్రత్యేక స్థానం లేదు. ‘కష్టం’ అనేది శోకానికి స్పందన, తిరస్కారం కాదు. వస్తువులు విసరడం స్పష్టంగా ఘాతమే. రెజ్లింగ్ ఈ అమరికను తలకిందులు చేస్తుంది. హీల్ పాత్రధారికి ఛీత్కారమే ‘సాధు’వాదం. నిండిన సభలోని నిశ్శబ్దం అతనికి సిద్ధి కాదు, ఓటమి. కనుక ఇక్కడ స్పందన బాహ్యరూపాన్ని బట్టి సిద్ధి–ఘాత నిర్ణయం సాధ్యపడదు. ఆ ద్వేషానికి ఆలంబనం ఎవరు అన్నదే నిర్ణాయకం కావాలి. ఆ దృష్టితో చూసినప్పుడు ప్రేక్షక వైముఖ్యం మూడు తెరగులుగా కనబడుతుంది.

పాత్రాలంబన వైముఖ్యం

మొదటిది పాత్రను ఆశ్రయించినది. ధనంజయుడు దశరూపకంలో ప్రతినాయకుని లోభిగా, ధీరోద్ధతునిగా, మొండివానిగా, పాపకారిగా, వ్యసనిగా లక్షణీకరించాడు. 1940, 50 దశకాల్లో అమెరికన్ టెలివిజన్ తొలి తారలలో ఒకడైన గార్జియస్ జార్జ్ ఈ లక్షణాలలో ఔద్ధత్యం ఒక్కదానినే పట్టుకొని పరాకాష్ఠకు చేర్చాడు. వంకీల బంగారువన్నె జుట్టు, మెరిసే అంగీ, బరిలో సుగంధం చల్లే పరిచారకుడు అతని ఆహార్యం. అతను ఓడితే చూడాలని జనం డబ్బు చెల్లించి వచ్చేవారు. 1961లో లాస్‌వెగాస్‌లో అతణ్ణి చూసిన యువ బాక్సర్, అనంతరకాలపు ముహమ్మద్ అలీ, జనాన్ని రెచ్చగొట్టి రప్పించే విద్యను అతని వద్దే గ్రహించినట్టు స్వయంగా చెప్పుకొన్నాడు.

దీనికి పరాకాష్ఠ 1996 జులై 7న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో జరిగిన ఘట్టం. పుష్కరకాలం పైగా పిల్లల ఆరాధ్యుడైన హల్క్ హోగన్ తనవారికి ద్రోహం చేసి ప్రతినాయకుల పక్షాన చేరాడు. ప్రేక్షకులు చేతికందిన గ్లాసులు, చెత్తాచెదారం రింగ్‌లోకి విసిరారు. భరతుని లెక్కలో ఇది ఘాతం. కానీ అక్కడ ప్రదర్శన చెడలేదు. చెత్త మధ్య నిలబడి మాట్లాడుతున్న నాయకుని దృశ్యమే ఆ ప్రదర్శనకు జీవధాతువయింది. విసిరిన వస్తువు నటునికి కాక ద్రోహానికి తగిలింది గనుక అది సిద్ధి. ఆహార్యం, వాచికం, ప్రేక్షకస్పందన ఒకే స్థాయిభావాన్ని పోషించినప్పుడు నిందాధ్వని అనుభావస్థానంలో నిలుస్తుంది. అయితే అది నటుని అనుభావం కాదు, సభ అనుభావం. ఈ వైలక్షణ్యాన్ని లక్షణగ్రంథాల పరిభాషలోకి ఇముడ్చుకోవలసి ఉంది.

లౌకికాలంబన వైముఖ్యం

రెండవ తెరగులో ద్వేషం రంగస్థలానికి వెలుపల, లోకంలో పుట్టి లోపలికి వస్తుంది. ఇరాన్‌లో జన్మించిన హొసేన్ ఖొస్రో అలీ వజీరీ నిజమైన మల్లుడు, అమెరికా ఒలింపిక్ కుస్తీ జట్టుకు సహాయ శిక్షకుడిగా పనిచేసినవాడు. 1979లో టెహరాన్‌లో అమెరికన్ దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకొన్న తరువాత ‘ఐరన్ షేక్’ వేషంలో అతను సభకు ఇరాన్ దేశమే అయ్యాడు. 1983 డిసెంబరు 26న సాధించిన ఛాంపియన్ పట్టాన్ని 1984 జనవరి 23న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హోగన్‌కు కోల్పోయినప్పుడు ప్రేక్షకులు జరుపుకొన్నది ఒక దేశంపై విజయోత్సవం.

అభినవగుప్తుడు పేర్కొన్న ఏడు రసవిఘ్నాలలో రెండవది ఇక్కడ స్మరణీయం. స్వగతమనో పరగతమనో భావించి, దేశకాల విశేషాలకు లోబడిపోయిన చిత్తానికి సాధారణీకరణం సిద్ధించదు. ‘ఇతడు నా దేశానికి శత్రువు’ అన్న ప్రతీతి ఉన్నంతవరకు కలిగేది లౌకిక క్రోధమే తప్ప రౌద్రరసం కాదు. రెజ్లింగ్ నిర్వాహకులు ఈ విఘ్నాన్నే పెట్టుబడిగా మార్చుకొన్నారు.

దాని మూల్యం 2005లో బయటపడింది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అరబ్ మూలాల అమెరికన్లు ఎదుర్కొంటున్న వివక్షను ఎత్తిచూపే వ్యక్తిగా ‘ముహమ్మద్ హసన్’ పాత్రను ప్రవేశపెట్టారు. ఆ పాత్రధారి నిజానికి ఇటాలియన్ మూలాల అమెరికన్. పాత్ర పలికిన ఫిర్యాదులో సత్యం ఉంది. తన పేరు విని తనను ద్వేషిస్తున్నారని అతను అంటే, సభ ఛీత్కరించి ఆ మాటను నిజం చేసేది. ఉత్తమ నాటకకర్త చేతిలో ఈ వైరుధ్యం ప్రేక్షకుని ఆత్మపరీక్షకు దారితీసేది. ఇక్కడ అది సులభమైన హీట్‌గా మిగిలింది. ముసుగు మనుషులు అండర్‌టేకర్‌పై దాడిచేసే ఘట్టం లండన్ బాంబుపేలుళ్లు జరిగిన 2005 జులై 7నాడే ప్రసారమైంది. ఆ నెలలోనే పాత్రను తొలగించారు. పాత్రధారి చేసిన తప్పేమీ లేదు. లోకద్వేషాన్ని అరువు తెచ్చుకొన్న రచన ఆ అప్పు తీర్చలేకపోయింది.

రచనాలంబన వైముఖ్యం

మూడవ తెరగు ఈ కళకు విశిష్టమైనది. ఇందులో ప్రేక్షకుడు ద్వేషించేది ప్రతినాయకుని కాదు, నాయకునిగా తనపై రుద్దిన వ్యక్తిని. నిజానికి అతని ఆగ్రహం ఆ వ్యక్తిని నాయకునిగా నిలబెట్టిన కథానిర్ణేతలపైనే. కథానిర్ణేత తెరవెనుక ఉంటాడు, నటుడు ఎదుట ఉంటాడు. కనుక శిక్ష నటునికి పడుతుంది.

2006 జూన్ 11న న్యూయార్క్ హామర్‌స్టైన్ బాల్‌రూమ్‌లో జాన్ సీనా ఎప్పటిలాగే తన చొక్కా విప్పి ప్రేక్షకులకు విసిరాడు. వారు దానిని తిరిగి రింగ్‌లోకి విసిరారు. అతను మళ్లీ విసిరితే మళ్లీ వెనక్కి పంపారు. వస్త్రబహూకరణను భరతుడు శారీర సిద్ధిగా చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఇక్కడ దాత నటుడు, తిరస్కర్త సభ. ఇది చేలదానానికి అచ్చమైన విలోమం. అనంతరకాలంలో సీనా పోటీలలో సభ రెండుగా చీలి, ఒక సగం అతణ్ణి ప్రోత్సహిస్తూ, మరొక సగం ఎద్దేవా చేస్తూ వంతులవారీగా నినదించడం సంప్రదాయంగా స్థిరపడింది. ఇరుపక్షాల నినాదాలూ ఒకే లయలో ఒదిగి ఆ ప్రదర్శనకు వాద్యసహకారమయ్యాయి.

రోమన్ రెయిన్స్ ఉదంతం మరింత తీవ్రమైనది. 2015 జనవరి 25న ఫిలడెల్ఫియాలో జరిగిన రాయల్ రంబుల్‌లో సభ కోరుకొన్న డేనియల్ బ్రయన్ మధ్యలోనే నిష్క్రమించాడు. గెలిచిన రెయిన్స్‌పై నిరసన వెల్లువెత్తింది. జనప్రియుడైన ద రాక్ వచ్చి అతని చేయి పట్టి పైకెత్తినా ఆ హోరు ఆగలేదు. సంస్థ క్రమంగా ఆ వైముఖ్యాన్నే వస్తువుగా స్వీకరించింది. 2017 ఏప్రిల్‌లో అండర్‌టేకర్‌ను ఓడించిన మరుసటి రాత్రి రెయిన్స్ దాదాపు పది నిమిషాలు మౌనంగా నిలబడి, నిరసనను పూర్తిగా ఆలకించి, ఇకపై ఈ ఆవరణ తనదన్న ఒక్క వాక్యం పలికి వెళ్లిపోయాడు. అక్కడ వాచికాభినయం చేసింది సభ, ఆంగికానికి పరిమితమైనది నటుడు.

రచయితపై ద్వేషం రచయితను చేరిన సందర్భమూ ఒకటుంది. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్ ఓటమిని అంగీకరించకముందే సంస్థాధిపతి విన్స్ మెక్‌మాన్ గంట మోగింపజేసి పోటీని ముగించాడు. ప్రేక్షకుల నిజమైన ఆగ్రహానికి గురైన ఆ యజమాని, తరువాత ‘మిస్టర్ మెక్‌మాన్’ అనే పాత్రగా రింగ్‌లోకి దిగి స్టీవ్ ఆస్టిన్‌కు ప్రతినాయకుడయ్యాడు. అలా మూడవ తెరగు మొదటి తెరగుగా పరిణమించింది. తనపై వచ్చిన నిరసనను పాత్రగా మలచుకొనే అధికారం యజమానికి ఉంది. రెయిన్స్ వంటి నటునికి ఆ అవకాశం యజమాని ఇస్తేనే దక్కుతుంది. 2020 ఆగస్టులో అతణ్ణి నిరంకుశ వంశాధిపతిగా, సంపూర్ణ ప్రతినాయకునిగా మలచిన తరువాత క్రమంగా సభ అతణ్ణి మెచ్చుకోవడం ప్రారంభించడం ఈ విశ్లేషణకు బలమిస్తుంది. మారినది ప్రధానంగా నటుని ప్రతిభ కాదు, పాత్రకూ సభాభిప్రాయానికీ కుదిరిన పొత్తు.

ఈ మూడు తెరగులకూ చెందని శుద్ధ విసుగు వేరే ఉంది. దానిని రెజ్లింగ్ అభిమానులు ఒక పాత్రధారి పేరుమీద ‘ఎక్స్–ప్యాక్ హీట్’ అంటారు. అతను ఓడితే చూడాలన్న కోరిక కూడా లేక, అసలు కనబడకుంటే చాలుననుకోవడం దాని లక్షణం. నిందాధ్వని విషయంలో భరతుని ‘ఘాతం’ అన్న మాట యథాతథంగా వర్తించేది ఇక్కడే.

సహృదయుని పునర్విచారణ

అభినవగుప్తుని సహృదయుడు కావ్యానుశీలనంతో నిర్మలమైన మనోదర్పణం గలవాడు, తన్మయీభవన యోగ్యుడు. రెజ్లింగ్ ప్రేక్షకుడు కూడా అనుశీలనం ఉన్నవాడే. కథానిర్ణయాల మర్మం, పాత్రధారుల పూర్వచరిత్ర, సంస్థాంతర్గత రాజకీయాలు అతనికి తెలుసు. అయితే ఆ జ్ఞానం అతణ్ణి తన్మయుణ్ణి చేయక తీర్పరిని చేస్తుంది. తెలుగు పద్యనాటక సభలో ‘వన్స్ మోర్’ అన్న కేక ప్రదర్శన గమనాన్ని నిలిపి, పద్యాన్ని మళ్లీ పాడించగలదు. కాని కృష్ణరాయబారం ఫలించాలని ఆ సభ ఎన్నడూ పట్టుపట్టదు. భారతకథ స్థిరం. రెజ్లింగ్ కథ స్థిరం కాదు, వచ్చేవారం మారవచ్చు. మారుతుందన్న ఆశే నిరసనకు శక్తినిస్తుంది. రసవిఘ్నాలలో చివరిదైన సంశయయోగం ఇక్కడ విఘ్నం కాకపోగా ఆస్వాదహేతువవుతోంది. ‘ఇది పాత్రా, మనిషా? ముందే అనుకొన్నదా, అదుపు తప్పినదా?’ అన్న సందేహమే ఆ సభను మేల్కొలిపి ఉంచుతుంది.

ఆ సందేహం తొలగిన క్షణం ఒకటి పరిశీలింపదగినది. 2018 అక్టోబరు 22న రెయిన్స్ తన అసలు పేరు చెప్పి, తనకు లుకేమియా తిరగబెట్టిందని ప్రకటించి ఛాంపియన్ పట్టాన్ని విడిచిపెట్టాడు. ఏళ్ల తరబడి అతణ్ణి నిరసించిన సభలు చూపిన వైముఖ్యం ఆ రాత్రి కృతజ్ఞతా నినాదంగా మారింది. ఆ ద్వేషం అతనిని ఉద్దేశించినది కాదని ప్రేక్షకులకు అంతరాంతరాల్లో తెలుసుననడానికి ఇది నిదర్శనం. కాని ఆ తెలివిడి వెలికి రావడానికి ఒక మనిషి ప్రాణాపాయం కావలసి రావడం ఈ కళలోని నైతిక సమస్య. ఆ ఏళ్లన్నింటా ఆ హోరును భరించినది రచన కాదు, ఒక దేహం.

ఉపసంహారం

ప్రేక్షక నిరసనను రూపాన్ని బట్టి కాక ఆలంబనాన్ని బట్టి విలువకట్టాలని ఈ పరిశీలన సూచిస్తున్నది. పాత్రను చేరినది సిద్ధి. లోకంలోని జాతిని చేరినది రసవిఘ్నం. రచనను చేరవలసి నటుని తాకినది సద్విమర్శే అయినా గురితప్పినది. ఈ విభజన తెలుగు రంగస్థల, చలనచిత్ర ప్రతినాయక అధ్యయనాలకూ ఉపకరిస్తుంది. సూర్యకాంతం పేరును గురించిన నానుడిని నటి ప్రతిభకు తార్కాణంగా మాత్రమే గ్రహించడం ఆనవాయితీ. ఆ పాత్రలను అదే మూసలో మళ్లీ మళ్లీ రాసినవారిని చేరవలసిన ప్రశ్నలో ఎంత భాగం ఆమె పేరుమీద నిలిచిపోయిందో కూడా విచారించవలసి ఉంది.